బేస్‌మెంట్‌లో టైల్స్ పరిచే షవర్ అడుగును మొదటిసారి కడుతున్నాను: వాలు, తూము, నీటిని ఆపే పొర విషయంలో సలహా కావాలి

ఆష్‌బర్న్ వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌లో ఉంటున్నాము. మా బేస్‌మెంట్ వెనుక వైపు నేలమట్టానికే తెరుచుకుంటుంది. అందువల్ల మా అమ్మానాన్నలు ఖమ్మం నుంచి వచ్చి ఉండే ఆరు నెలలూ మాటిమాటికీ మెట్లు ఎక్కే అవసరం లేకుండా అక్కడే ఒక పడకగది, స్నానాలగది సిద్ధం చేయాలని పూనుకున్నాము. కౌంటీ అనుమతి తీసుకున్నాను, గోడల చట్రాలు నేనే నిలబెట్టాను. ఇప్పుడు షవర్ దగ్గర ఆగిపోయాను. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు ఉన్న స్థలంలో టైల్స్ పరిచిన అడుగు కట్టాలని ఉంది. వంటగది గోడకు టైల్స్ అంటించిన అనుభవం తప్ప నాకు ఈ పని తెలియదు.

నా సందేహాలు మూడు. బిల్డరు స్లాబ్ పోసినప్పుడే షవర్ కోసం 2 అంగుళాల పైపు వదిలారు కానీ, అది షవర్ పొడవుకు సరిగ్గా మధ్యలో లేదు, 14 అంగుళాలు ఒక పక్కకు జరిగి ఉంది. దాన్ని అక్కడే ఉంచి, అటు వైపుగా వాలు ఇస్తే సరిపోతుందా? రెండవది, అడుగున ఉన్నది కాంక్రీటే కాబట్టి, కాస్త నీరు ఇంకినా నష్టమేమీ ఉండదని ఒక మిత్రుడు అంటున్నారు. స్లాబ్ మీద నేరుగా సిమెంటు మాలుతో వాలు తీసి టైల్స్ పరచవచ్చా? మూడవది, మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. షవర్‌లోకి అడుగు పెట్టే చోట నీటిని ఆపే గట్టు లేకుండా కట్టడం నాలాంటి కొత్తవారికి సాధ్యమేనా?

రసమట్టం

నమస్కారం అండి. నేను ఇక్కడ ఇళ్ళ నిర్మాణ రంగంలో పని చేస్తున్నాను. మీ మొదటి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే పైపు సంగతి తేలకుండా మిగతా పని మొదలుపెట్టకూడదు.

షవర్ అడుగుకు ప్రతి అడుగు దూరానికి కనీసం పావు అంగుళం వాలు ఉండాలి, అర అంగుళానికి మించకూడదు. మన మేస్త్రీలు వాటం అనేది దీనినే. గోడల వెంబడి అంచు నాలుగు వైపులా ఒకే ఎత్తులో ఉంటేనే గోడ టైల్స్ మొదటి వరుస సరిగ్గా కూర్చుంటుంది కాబట్టి, తూముకు అన్నింటికంటే దూరంగా ఉన్న మూలను బట్టి ఆ ఎత్తును నిర్ణయిస్తారు. తూము మధ్యలో ఉంటే మీ షవర్‌లో మూల దాదాపు 2.9 అడుగుల దూరంలో ఉంటుంది, కాబట్టి అంచు తూము కంటే ముప్పావు అంగుళం ఎత్తులో ఉంటే చాలు. అప్పుడు దగ్గరి గోడల వైపు, అంటే అడుగున్నర దూరంలో, వాలు అడుగుకు అర అంగుళానికి మించదు. ఇప్పుడు మీ పైపు ఉన్నచోటే తూము పెట్టి చూడండి. దూరపు మూల దాదాపు 4 అడుగులకు చేరుతుంది, అంచు ఒక అంగుళం లేవాలి. కానీ దగ్గరి చివర పదహారు అంగుళాల దూరంలోనే ఉంది కాబట్టి, అక్కడ వాలు అడుగుకు ముప్పావు అంగుళం అవుతుంది. తడి నేల మీద అంత వాలులో మోకాళ్ళ నొప్పులున్న మనిషిని నిలబెట్టడం నాకు సమ్మతం కాదు, ఇక్కడి నిర్మాణ నియమావళి కూడా ఒప్పుకోదు. పైపును మధ్యకు జరపండి.

జరిపే ముందు పైపులో కొన్ని నీళ్ళు పోసి టార్చిలైటు వేసి చూడండి. నీళ్ళు నిలిచి కనిపిస్తే అడుగున ట్రాప్ ఉన్నట్లు. కనిపించకుండా వెళ్ళిపోతే బిల్డరు ఉత్త పైపు మాత్రమే వదిలారని అర్థం, అప్పుడు పీ-ట్రాప్ మీరే పెట్టాలి. మన ఊళ్ళలో నహానీ ట్రాప్ చేసే పనినే ఇక్కడ ఇది చేస్తుంది. అందులో నిలిచే నీరే మురుగు వాయువును ఇంట్లోకి రానీయకుండా ఆపుతుంది. ట్రాప్ తూముకు నేరుగా కింద ఉండాలి. ట్రాప్ నుంచి గాలి గొట్టం (మురుగు పైపుకు గాలి అందించే వెంట్) వరకు ఉండే 2 అంగుళాల పైపు, అడుగుకు పావు అంగుళం వాలుతో, 8 అడుగులకు మించకూడదు. 14 అంగుళాల జరుపుడు వల్ల ఈ లెక్క దాటిపోతుందేమో టేపు పెట్టి కొలుచుకోండి.

స్లాబ్ కోసేటప్పుడు నీళ్ళు చల్లుతూ కోసే రంపం అద్దెకు తీసుకోండి. పొడిగా కోస్తే వెలువడే సిలికా ధూళి ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది, పైగా అది ఇల్లంతా పరుచుకుంటుంది. నీళ్ళు చల్లినా మంచి మాస్కు తప్పదు. కొత్త పైపు వేశాక తనిఖీ అధికారి చూసే వరకు మట్టి కప్పవద్దు. కప్పేటప్పుడు స్లాబ్ కింద ఉన్న ప్లాస్టిక్ పొర తెగిన చోట కొత్త ముక్కను అతికించి టేపు వేయడం మరచిపోవద్దు, లేకపోతే నేల చెమ్మ ఆ కంతలో నుంచే పైకి వస్తుంది. ఇంకొక మాట: మీ ఇంటి మురుగు పైపు బయటకు వెళ్ళేది స్లాబ్ కింద నుంచా, గోడ మధ్య ఎత్తులో నుంచా? గోడ ఎత్తులో నుంచి వెళితే బేస్‌మెంట్ మురుగును పైకి తోయడానికి ఎజెక్టర్ పంపు ఉండితీరాలి.

కొలంబస్ గృహస్థు

మీ రెండవ ప్రశ్న చదవగానే రాయకుండా ఉండలేకపోయాను. కింద ఉన్నది కాంక్రీటే కదా అన్న ఆ మాటనే నమ్మి నేను ఒహాయోలో మా బేస్‌మెంట్ షవర్ కట్టాను, రెండేళ్ళు తిరగకముందే దాన్ని మొత్తం పగలగొట్టాను.

నేను చేసిన తప్పు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. స్లాబ్ మీద పీవీసీ పొరను చదునుగా పరిచి, దాని మీద మాలుతో వాలు తీసి, టైల్స్ వేశాను. పైకి చూస్తే నీళ్ళు చక్కగా తూములోకి పోయేవి. కానీ టైలు, దాని సందుల్లో నింపే గ్రౌటు నీటిని ఆపవు, ఆలస్యం మాత్రమే చేస్తాయి. ఇంకిన నీరు మాలు గుండా దిగి పీవీసీ పొర మీదికి చేరుతుంది. ఆ పొర అడుగునే వాలు ఉంటే ఆ నీరు తూము పక్కనున్న సన్నని రంధ్రాల గుండా మురుగులోకి పోతుంది. పొర చదునుగా ఉంటే నీరు అక్కడే నిలిచిపోతుంది. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. దానికి తోడు ఆ రంధ్రాల చుట్టూ చిన్న గులకరాళ్ళు వేయకుండా మాలునే గట్టిగా దట్టించాను, అవి పూర్తిగా మూసుకుపోయాయి. ఏడాది గడిచేసరికి మూలల్లో టైల్స్ ఎప్పుడూ నల్లగా, తడిగా కనిపించేవి. ఆ తరువాత కుళ్ళు వాసన మొదలైంది. కాంక్రీటు పాడుకాలేదు, నిజమే. కానీ ఆ చెమ్మ గోడలోని సిమెంటు బోర్డును పట్టుకుని పైకి పాకి, వెనుక ఉన్న చెక్క చట్రాన్ని పుచ్చిపోయేలా చేసింది.

మన దేశంలో స్నానాలగది నేల అంతా తడిసినా ఇటుక గోడ, కాంక్రీటు స్లాబ్ కొంతవరకు ఓర్చుకుంటాయి. ఇక్కడ గోడలో ఉండేది చెక్క, జిప్సం బోర్డు. ఈ తేడాను నేను మనసుకు పట్టించుకోలేదు.

గట్టు విషయంలోనూ జాగ్రత్త. నేను మూడు చెక్క దుంగలను ఒకదాని మీద ఒకటి పేర్చి స్లాబ్‌కు మేకులు కొట్టి గట్టు కట్టాను. కాంక్రీటు మీద చెక్క చెమ్మను పీల్చి ఉబ్బి, గట్టు మీది టైలును నిలువునా చీల్చింది. పైగా పీవీసీ పొరను గట్టు పైభాగంలోనే మేకులతో బిగించాను, ఆ కంతల్లో నుంచే నీరు బయటి గదిలోకి వచ్చింది. కాంక్రీటు స్లాబ్ మీద గట్టును ఇటుకలతోనే కట్టండి.

ఆష్‌బర్న్ వాసి

మీ ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నీళ్ళు పోసి చూశాను, ట్రాప్ లేదు. మురుగు పైపు స్లాబ్ కిందనే వెళుతుంది కాబట్టి పంపు అవసరం లేదు. గాలి గొట్టం దూరం కొత్త చోటు నుంచి ఐదడుగుల లోపే ఉంది. ప్లంబరు సాయంతో వచ్చే వారం పైపు జరుపుతున్నాను.

కొలంబస్ గృహస్థు గారు చెప్పినదంతా చదివాక పీవీసీ పొర పద్ధతి అంటేనే భయం వేస్తోంది. మాలు పైభాగానే, టైలుకు నేరుగా కింద, నీటిని ఆపే పొరను అతికించే పద్ధతి ఒకటి ఉందని చదివాను. అది కొత్తవారికి నయమా? అందులో అతికించే షీటు మంచిదా, బ్రష్షుతో పూసే ద్రవం మంచిదా? మాలు పాళ్ళు కూడా దయచేసి చెప్పండి.

టైల్ పనివాడు

నేను పదిహేనేళ్ళుగా టెక్సస్‌లో ఈ పనిలో ఉన్నాను. అక్కడ బేస్‌మెంట్లు అరుదే కానీ, స్లాబ్ మీద షవర్లు కట్టని వారం లేదు.

మీకు పైపొర పద్ధతే సరైనది. నీరు మాలులోకి దిగకముందే ఆగిపోతుంది కాబట్టి, మాలును రెండు విడతలుగా వేయవలసిన పని ఉండదు, ఒకే వాలు చాలు. ఈ పద్ధతికి తూము కూడా వేరుగా ఉంటుంది. పొరను అతికించడానికి వెడల్పాటి అంచు ఉన్న తూమునే కొనాలి. పీవీసీ పొరను బిగించే పాత రకం తూమును దీనితో కలిపి వాడకూడదు. ద్రవం కంటే షీటును ఎంచుకోమనే నేను చెబుతాను. రెడ్‌గార్డ్ వంటి ద్రవాలు మంచివే, గులాబీ రంగులో పూస్తే ఆరాక ఎర్రగా మారి పని పూర్తయిందని చెబుతాయి కూడా. కానీ పొర అంతటా ఒకే మందం రావాలంటే చేతికి అలవాటు ఉండాలి, మూలల్లో పలచబడితే కంటికి కనిపించదు. కెర్డీ వంటి షీటు మందం కర్మాగారంలోనే నిర్ణయమై వస్తుంది. అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి కనీసం 2 అంగుళాలు కప్పేలా చూసుకుంటే చాలు. షీటును అతికించడానికి ఏ రకం థిన్‌సెట్ (టైల్స్ అంటించే సిమెంటు జిగురు) వాడాలో తయారీదారు రాసినదే పాటించండి.

మాలు పాళ్ళు: ఒక పాలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఐదు పాళ్ళు ఇసుక. గోడకు గిలాబా చేసే మాలులా జారుగా కలపవద్దు. సున్నుండలు చుట్టేటప్పుడు పిండి ఎలా ఉంటుందో అలా ఉండాలి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టి నిలవాలి, వేళ్ళ సందుల్లో నుంచి నీరు కారకూడదు. కొత్తవారందరూ ఇక్కడే పొరపాటు చేస్తారు, ఇంత పొడి మాలు గట్టిపడదేమోనని భయపడి నీళ్ళు పోస్తారు. నీళ్ళు ఎక్కువైన మాలు వాలులో నిలవదు, ఆరేటప్పుడు కుంచించుకుని పగుళ్ళిస్తుంది. తూము దగ్గర ఒకటింపావు అంగుళం, అంచుల్లో రెండు అంగుళాల మందం అనుకుంటే, మీ పదిహేను చదరపు అడుగులకు దాదాపు 2.2 ఘనపు అడుగుల మాలు పడుతుంది. డెక్ మడ్ పేరుతో కలిపి అమ్మే 60 పౌండ్ల సంచి సుమారు అర ఘనపు అడుగు వస్తుంది కాబట్టి ఐదు సంచులు లెక్కకు సరిపోతాయి, దట్టించడానికని ఆరు తెచ్చుకోండి. మిగిలితే తిరిగి ఇవ్వవచ్చు, సగంలో అయిపోతే మాత్రం పని చెడిపోతుంది.

ముందు స్లాబ్ మీద నీటి చుక్కలు వేసి చూడండి. ఇంకిపోతే సరే. పూసలా నిలబడితే స్లాబ్ మీద రంగో సీలరో ఉన్నట్లు, దాన్ని గీకి తీసేయాలి. తరువాత స్లాబ్‌ను తడిపి, థిన్‌సెట్‌ను పలచగా రుద్ది, అది ఆరకముందే మాలు వేయండి. మొదట నాలుగు గోడల వెంబడి మట్టం చూసుకుంటూ అంచు కట్టండి, ఆ తరువాత మధ్యను నింపి, బద్దను అంచు మీద ఒక కొన, తూము మీద ఇంకొక కొన ఆనించి లాగండి. చెక్కతో కొట్టి దట్టించడంలో బద్ధకించవద్దు. తెల్లవారికి దాని మీద మోకాళ్ళపై కూర్చుని పని చేయవచ్చు. షీటు వేసే ముందు మాలును స్పాంజితో తడపండి, లేదంటే ఎండిన మాలు థిన్‌సెట్‌లోని నీటిని లాగేసుకుని అతుకును బలహీనం చేస్తుంది.

గట్టు గురించి. ఇటుకలను బల్లపరుపుగా రెండు వరుసలు పేర్చితే స్లాబ్ నుంచి దాదాపు ఐదు అంగుళాల ఎత్తు వస్తుంది, తూము నుంచి చూస్తే మూడంగుళాలు దాటుతుంది. నియమావళి అడిగేది కనీసం రెండంగుళాలు. గట్టు అసలే లేకుండా కట్టాలంటే షవర్ భాగమంతా స్లాబ్‌ను రెండు మూడు అంగుళాలు కిందికి దించాలి, నీటిని ఆపే పొరను గది నేల మీదికి కూడా పొడిగించాలి. మొదటి పనిగా దానికి పూనుకోవద్దని నా సలహా. దానికి బదులు మీ అమ్మగారి కోసం గోడ బోర్డులు బిగించే ముందే, పట్టుకునే కడ్డీలు వచ్చే చోట చట్రాల మధ్య అడ్డంగా మందపాటి చెక్కలు బిగించండి. 33 నుంచి 36 అంగుళాల ఎత్తు సాధారణంగా అందరికీ సరిపోతుంది. ఆ కడ్డీ 250 పౌండ్ల బరువును తట్టుకోగలగాలి, బోర్డుకు మాత్రమే బిగించిన కడ్డీ అంత బరువును మోయదు. ఒక చెక్కను గట్టు పక్కనే నిలువుగా కూడా పెట్టండి. మనిషి జారేది ఎక్కువగా లోపలికి అడుగు పెట్టేటప్పుడే. బోర్డు మూసే ముందు టేపు పట్టుకుని ఫోటోలు తీసుకోండి. గోడలకు కూడా షీటు వేస్తున్నారు కాబట్టి బోర్డు వెనుక ప్లాస్టిక్ పొర వేయవద్దు, రెండు పొరల మధ్య చిక్కిన చెమ్మకు బయటపడే దారి ఉండదు.

నేల టైలు రెండంగుళాల మొజాయిక్ మించకుండా చూసుకోండి. పెద్ద టైలు నాలుగు వైపుల వాలుకు వంగదు. చిన్న టైలుకు సందులు ఎక్కువ కాబట్టి కాలికి పట్టు కూడా దొరుకుతుంది.

డెట్రాయిట్ పాఠకుడు

ఇంత శ్రమ ఎందుకండీ? అదే కొలతలో అచ్చు పోసిన అక్రిలిక్ అడుగు దొరుకుతుంది. దాన్ని ఒక పూటలో బిగించవచ్చు, అతుకులు ఉండవు, కారడానికి అవకాశమూ తక్కువే. పెద్దవాళ్ళ కోసమే అయితే అందం కంటే భద్రత ముఖ్యం కదా.

టైల్ పనివాడు

మీ మాట కాదనను. తూమును మధ్యకు జరుపుతున్నారు కాబట్టి అక్రిలిక్ అడుగు కూడా అమరుతుంది, సమయం లేనివారికి అదే మేలు. కానీ ఆయనకు నేర్చుకోవాలనే పట్టుదల ఉంది, అడగవలసినవి పని మొదలుపెట్టకముందే అడుగుతున్నారు. అలాంటివారు కట్టిన షవర్లు కారడం నేను చాలా తక్కువగా చూశాను.

ఆష్‌బర్న్ వాసి

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. పైపు జరిపాము, తనిఖీ అయింది, మాలు వాలు రసమట్టంతో చూస్తే అన్ని వైపులా సరిగ్గానే వచ్చింది. షీటు వేసి ఒక రోజు ఆగి, నిన్న సాయంత్రం తూమును మూసి రెండంగుళాల నీళ్ళు నింపాను. ఈ ఉదయం చూస్తే గోడ మీద పెట్టుకున్న గీత కంటే నీరు అర అంగుళం దిగిపోయింది. గట్టు బయట గానీ గోడల వెనుక గానీ తడి కనిపించలేదు. ఎక్కడ వెతకాలో తెలియడం లేదు.

టైల్ పనివాడు

కంగారు పడవద్దు. తడి ఎక్కడా లేదంటే మొదట అనుమానించవలసింది మూతనే. మీరు వాడినది రబ్బరు మూతా, గాలి నింపే బంతా? ఏదైనా సరే, అది తూము అంచుకు, పైపుకు ఉన్న అతుకు కంటే కింద కూర్చోవాలి, అప్పుడే ఆ అతుకు కూడా పరీక్షకు వస్తుంది. పైపు లోపల గోడ మీద థిన్‌సెట్ అంటుకుని ఉంటే మూత పక్క నుంచి నీరు సన్నగా దిగిపోతుంది. నీళ్ళు తీసేసి, పైపు లోపల శుభ్రంగా తుడిచి, మూతను మళ్ళీ బిగించండి. ఈసారి పక్కనే ఒక బకెట్టులో కూడా అంతే నీరు పోసి గీత పెట్టండి, ఆవిరయ్యేది ఎంతో దాన్ని బట్టి తెలుస్తుంది. నియమావళి పదిహేను నిమిషాలు నిలిస్తే చాలంటుంది కానీ, నేను మాత్రం ఇరవై నాలుగు గంటలు నిలవనిదే ఒక్క టైలు కూడా వేయను.

కొలంబస్ గృహస్థు

నేను ఈ పరీక్ష చేయలేదు. చేసి ఉన్నా నా తప్పు అందులో బయటపడేది కాదనుకోండి, నా పొర కారలేదు, వాలు లేక నీటిని నిలబెట్టింది. మీకు ఆ చిక్కు లేదు కాబట్టి మీరు మాత్రం నింపిన నీరు మొత్తం నిలిచే వరకు ముందుకు వెళ్ళకండి.

ఆష్‌బర్న్ వాసి

మీరు చెప్పినట్లే పైపు లోపల చిటికెడు థిన్‌సెట్ గడ్డకట్టి ఉంది. దాన్ని గీకి తీసి, బంతిని ఇంకాస్త లోతుగా దించి గాలి నింపాను. ఇరవై ఆరు గంటలు గడిచాయి, షవర్‌లోనూ బకెట్టులోనూ నీరు వేసిన గీత దగ్గరే ఉంది. గోడల వెనుక కాగితపు తువ్వాళ్ళు పెట్టి చూశాను, పొడిగానే ఉన్నాయి. నీళ్ళు వదిలినప్పుడు ఏ మూలా చుక్క నిలవకుండా అంతా తూములోకే వెళ్ళింది. మొజాయిక్ పెట్టెలు గదిలోకి తెచ్చి పెట్టాను, రేపు ఉదయం తూము దగ్గర నుంచి మొదలుపెడుతున్నాను. గోడకు, నేలకు మధ్య మూల సందుల్లో గ్రౌటు కాకుండా సిలికాన్ వేయాలని విన్నాను, అది నిజమేనా?

టైల్ పనివాడు

నిజమే. రెండు తలాలు కలిసే ప్రతి మూలలోనూ సిలికానే వేయాలి, గట్టు లోపలి అంచుతో సహా. అక్కడ గ్రౌటు వేస్తే గోడా నేలా కొద్దిగా కదిలినా పగులుతుంది. గ్రౌటు పూర్తిగా ఆరాకే సిలికాన్ వేయండి, గట్టు పైన పరిచే రాయికి లోపలి వైపు కొంచెం వాలు ఇవ్వండి.